పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ను ఇంటి దగ్గరే దించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

వశిష్ఠ గోదావరి గట్టు పక్కన మా ఊరు. కొబ్బరి తోట, రెండు చేపల చెరువులు, మేత బస్తాలు మోయడానికి వెనక సీట్లు పీకేసిన ఒక పాత డీజిల్ ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉన్నాయి. ఆ బండి ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ను నేను రెండుసార్లు దించాను. మొదటిసారి వరద నీళ్ల వల్ల, రెండోసారి నా తొందరపాటు వల్ల. అప్పటి నుంచి చుట్టుపక్కల ఊళ్లలో ఎవరి బండి గేరు జారినా నన్నే అడుగుతున్నారు. వాళ్లు అడిగినవీ, అడగకపోయినా చెప్పాల్సినవీ ఇక్కడ రాశాను. ఇంజన్ బండి పొడవు దిశలో ముందుండి, దాని వెనక గేర్‌బాక్స్, ఆ వెనక ట్రాన్స్‌ఫర్ కేస్, అక్కడి నుంచి ముందుకొకటి వెనక్కొకటి షాఫ్టులు వెళ్లే చాసిస్ బండ్లకే ఇది వర్తిస్తుంది. బోల్టుల బిగింపు లెక్కలు బండిని బట్టి మారతాయి కాబట్టి మీ బండి సర్వీసు పుస్తకం పక్కన పెట్టుకోండి.

గేరు జారుతోంది. వెంటనే దించేయాలా?

వద్దు. నా దగ్గరికి వచ్చిన వాళ్లలో సగం మందిని ముందు ఆయిల్ కొల చూడమని పంపించాను. ఆయిల్ తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది, గేరు జారుతుంది. గేరు లివర్ నుంచి గేర్‌బాక్స్‌కు వెళ్లే కేబుల్ సాగినా, పక్కనున్న గేరు స్థానం స్విచ్‌లో నీరు చేరినా, లోపలి ఆయిల్ దారులను కరెంటుతో తెరిచి మూసే సోలెనాయిడ్ మొరాయించినా అదే లక్షణం కనిపిస్తుంది. సోలెనాయిడ్లు, ఆ ఆయిల్ దారులుండే వాల్వ్ బాడీ, ఫిల్టరు చాలా బండ్లలో కింద ఆయిల్ పాన్ విప్పితే అందుతాయి. వాటి కోసం గేర్‌బాక్స్ దించనక్కర్లేదు. ఎలక్ట్రానిక్ నియంత్రణ ఉన్న బండైతే స్కానర్ పెట్టించి లోపం కోడ్ చూడండి.

ఆయిల్ నల్లబడి మాడు వాసన వస్తున్నా, పాన్ అడుగున లోహపు రజను మెరుస్తున్నా, ముందు సీలు నుంచి బెల్ హౌసింగ్ (ఇంజన్‌కు ఆనుకునే ముందువైపు తొడుగు) కింద ఆయిల్ కారుతున్నా దించక తప్పదు. పాన్‌లో అయస్కాంతానికి పట్టుకున్న సన్నటి బూడిదలాంటి ముద్ద చూసి భయపడకండి. ఏళ్లు తిరిగిన గేర్‌బాక్స్‌లో అది మామూలే.

వరద నీళ్లలో దిగిన బండి. గేర్‌బాక్స్‌లోకి నీరు చేరిందని ఎలా తెలుస్తుంది?

మన డెల్టాలో ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వచ్చినప్పుడు లంకల్లో బండ్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. కానీ గేర్‌బాక్స్ పాడవడానికి అంత వరద అక్కర్లేదు. గేర్‌బాక్స్ పైన ఊపిరి గొట్టం ఒకటి ఉంటుంది. వేడెక్కిన ఆయిల్ ఉబ్బినప్పుడు గాలి దానిలో నుంచే బయటికి పోతుంది. బాగా తిరిగి కాలిపోతున్న బండిని మోకాలి లోతు బోదెలోకి దించారనుకోండి, లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి ముడుచుకుంటుంది. ఆ గొట్టం మూతి నీళ్లలో ఉంటే ఆ నీటినే లోపలికి గుటక వేస్తుంది.

ఆయిల్ కొల కడ్డీ తీసి చూడండి. ఎర్రగా, పారదర్శకంగా ఉంటే మంచిది. రాజమండ్రి రోజ్ మిల్క్ రంగులో, నురగతో ఉంటే నీరు కలిసినట్టే. వరదలో దిగని బండిలోనూ ఈ రంగు కనిపిస్తే రేడియేటర్‌ను అనుమానించండి. చాలా బండ్లలో గేర్‌బాక్స్ ఆయిల్ చల్లబడేది రేడియేటర్ తొట్టిలో ఉన్న చిన్న కూలర్‌లోనే. అది లోపల చిల్లిపడితే కూలెంట్ ఇటు, ఆయిల్ అటు కలిసిపోతాయి.

రోజ్ మిల్క్ కనిపిస్తే ఇక సెల్ఫ్ కొట్టకండి. ముందు ఇంజన్ తిప్పకుండానే ఆయిల్ వంచి, కొత్తది పోసి, కాసేపు మాత్రమే ఇంజన్ తిప్పి, మళ్లీ వంచి, ఇలా మూడు నాలుగు సార్లు కడిగితే కొన్నిసార్లు దక్కుతుంది. ఆ నీటితోనే రెండు రోజులు తిప్పితే మాత్రం ఆశ పెట్టుకోవద్దు. లోపలి క్లచ్ ప్లేట్ల మీద కాగితం లాంటి పొర జిగురుతో అంటించి ఉంటుంది, నీరు ఆ జిగురును వదిలిస్తుంది. నా బండిలో జరిగింది అదే. విప్పినప్పుడు ఆ పొర తడిసిన అట్టలా చేతికి ఊడి వచ్చింది.

ఆగిపోయిన బండిని తాడు కట్టి ట్రాక్టరుతో ఇంటికి లాక్కురావచ్చా?

రెండు షాఫ్టులూ విప్పేసి ఉంటే తప్ప వద్దు. ఆటోమేటిక్‌లో ఆయిల్ పంపు ఇంజన్ తిరిగితేనే తిరుగుతుంది. ఇంజన్ ఆగి చక్రాలు తిరిగితే లోపలి భాగాలు ఆయిల్ లేకుండా ఒరుసుకుంటాయి. నాలుగు చక్రాలూ ఎక్కే వాహనం మీద తీసుకురండి. సఖినేటిపల్లి రేవు దాటాల్సి వస్తే ఆ వాహనంతో సహా పంటు ఎక్కించాలి.

మా వాకిలి మట్టి నేలే. అక్కడ చేయవచ్చా?

మట్టి మీద చేయవద్దు. మనది ఒండ్రు నేల. పైన గట్టిగా కనిపిస్తుంది, బండి బరువు స్టాండ్ల చిన్న పాదాల మీద నిలబడేసరికి మెల్లగా దిగుతుంది. గంటకు అర అంగుళం దిగినా మీకు తెలియదు, ఎందుకంటే మీరు బండి కింద ఉంటారు. సిమెంటు కళ్లం ఉంటే అదే మంచి చోటు. లేకపోతే మందపాటి ఇనుప పలకలు పరచి, వాటి మీద స్టాండ్లు నిలబెట్టండి. గొయ్యి తవ్వి అందులో దిగి చేద్దామని ఒక బావమరిది సలహా ఇస్తాడు. మా వైపు మూడడుగులు తవ్వితే ఊట వస్తుంది, కాబట్టి ఆయన్ను టీ తాగి వెళ్లమనండి.

బండి బరువు స్టాండ్ల మీద ఉండాలి, జాకీ మీద కాదు. ఇటుకలు, బోలు సిమెంటు దిమ్మెలు ఒక్కసారిగా పగులుతాయి, వాటి జోలికి పోవద్దు. చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది. లివర్‌ను పి (పార్కింగ్) లో పెట్టాం కదా, బండి కదలదు అనుకుంటారు. పి లో పెట్టినప్పుడు లాక్ అయ్యేది గేర్‌బాక్స్ లోపలి షాఫ్టు మాత్రమే. చక్రాల వైపు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టు విప్పిన మరుక్షణం చక్రాలకు ఆ పట్టు ఉండదు. అందుకే చక్రం నేల మీద ఉంటే ముందూ వెనకా చెక్క అడ్డులు పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి ఉంచాలి.

ఎత్తు ఎంత కావాలో కొలిచి చూసుకోండి. గేర్‌బాక్స్‌కు ముందువైపు ఉండే బెల్ హౌసింగ్ గంట ఆకారంలో వెడల్పుగా ఉంటుంది. దాని ఎత్తుకు, కిందికి దించిన గేర్‌బాక్స్ జాకీ ఎత్తు కలిపి, ఇంకో రెండు వేళ్ల ఖాళీ చూసుకోండి. చాసిస్ అడుగు అంత ఎత్తులో లేకపోతే గేర్‌బాక్స్ కిందికి వస్తుంది కానీ బయటికి రాదు.

ఇక కొబ్బరి చెట్టు కింద మాత్రం చేయకండి. నవ్వకండి. కింద దూరిన మనిషికి భయం లేదు, పక్కన నిలబడి పానాలు అందించే కుర్రవాడి నెత్తి మాటేమిటి?

ఏ కాలంలో మొదలుపెట్టాలి?

సంక్రాంతి తర్వాత, ఎండలు ముదరక ముందు. ఆశ్విన కార్తీకాల్లో తుపాను వస్తే విప్పిన గేర్‌బాక్స్ మూతుల్లోకి తేమ చేరుతుంది.

పనిముట్లు ఏమేం కావాలి?

మామూలు పానాల సెట్టు, మంచి సాకెట్లు, బిగింపు కొలిచే టార్క్ రించి ఎలాగూ ఉండాలి. ఈ పనికి ప్రత్యేకంగా కావాల్సింది పొడవు. సాకెట్‌కు తగిలించే పొడుగు కడ్డీలు కలిపితే రెండడుగులకు పైగా రావాలి, చివర వంగే కీలు ఒకటి ఉండాలి. ఆయిల్ గొట్టాల నట్లకు పక్క చీలిక ఉన్న రింగు పానా కొనండి, మామూలు పానాతో ఆ మెత్తటి నట్లు గుండ్రమైపోతాయి. చిన్న అద్దం, తలకు కట్టుకునే లైటు, తెల్ల పెయింటు, పాత శుభలేఖల అట్టలు కూడా దగ్గర పెట్టుకోండి. కళ్లద్దాలు తప్పనిసరి. బండి అడుగున ఎండిన చెరువు బురద పానా తగలగానే కళ్లలోనే పడుతుంది.

గేర్‌బాక్స్ బరువెంత? ఇద్దరం పొట్టల మీద పెట్టుకుని దించలేమా?

ఇలాంటి బండ్లలో గేర్‌బాక్స్, దాని ముందుండి ఇంజన్ తిప్పుడును ఆయిల్ ద్వారా అందించే టార్క్ కన్వర్టర్ కలిసి 70 నుంచి 100 కిలోల దాకా ఉంటాయి. ట్రాన్స్‌ఫర్ కేస్ మరో 30 నుంచి 45. మాన్యువల్ గేర్‌బాక్స్‌ను పొట్ట మీద దించిన పాత మేస్త్రీల కథలు నేనూ విన్నాను. వాళ్ల నడుముల సంగతి కూడా చూశాను. గేర్‌బాక్స్ జాకీ అద్దెకు దొరుకుతుంది, పట్నం మెకానిక్ షెడ్లలో అడగండి. దొరకకపోతే చక్రాల జాకీ తలపై మందపాటి చెక్క బిగించి, దానికి గేర్‌బాక్స్‌ను పట్టీలతో కట్టాలి. ఎక్కువ బరువు కన్వర్టర్ ఉన్న ముందువైపే ఉంటుంది, కాబట్టి జాకీ పాన్ మధ్యలో కాక కొంచెం ముందుకు ఉండాలి.

మోటార్లు పైకి తీసే సరుగుడు బాదుల ముక్కాలి, చైన్ పుల్లీ చాలా ఇళ్లలో ఉంటాయి. దించిన గేర్‌బాక్స్‌ను బయటికి లాగాక ఆటోలోకి ఎత్తడానికి అవి భేషుగ్గా పనికొస్తాయి. బండి కింద ఉన్నప్పుడు మాత్రం వాటితో సాధ్యం కాదు.

ట్రాన్స్‌ఫర్ కేస్ విడిగా తీయాలా, కలిపి దించాలా?

ఇంటి దగ్గరైతే విడిగానే. కలిపి దించితే వెనక తోక పొడవై బరువు ఎటు వాలుతుందో తెలియదు. అరగంట ఎక్కువ పడుతుంది, అంతే. దాని ఆయిల్ వేరు, ముందే వంచేయండి.

ఏ వరుసలో విప్పాలి?

బ్యాటరీ నెగటివ్ తీగ మొదట తీయాలి. సెల్ఫ్ మోటారుకు వెళ్లే లావుపాటి తీగలో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, దానికి పానా తగిలి చాసిస్‌కు అంటుకుంటే నిప్పులు రాలతాయి.

తర్వాత ఆయిల్. డ్రెయిన్ బోల్టు విప్పితే నాలుగైదు లీటర్లు వస్తుంది. మిగతాది కన్వర్టర్‌లోనూ, కూలర్‌లోనూ ఉండిపోతుంది, కాబట్టి ఖాళీ చేశామని ధీమాగా చొక్కా మార్చుకోకండి. ఆ పైన ప్రొపెల్లర్ షాఫ్టులు విప్పాలి. షాఫ్టును బిగించే పళ్లెం లాంటి ఫ్లాంజి మీద, షాఫ్టు మీద కలిపి తెల్ల పెయింటు గీత గీస్తే తిరిగి అదే స్థానంలో బిగించవచ్చు. గీత మరిచిపోతే వేగం పెరిగినప్పుడు వణుకు రావచ్చు. షాఫ్టు జారి బయటికి వచ్చే రకమైతే వెనక నుంచి ఆయిల్ కారుతుంది, ప్లాస్టిక్ సంచి కట్టండి.

సైలెన్సర్ ముందు గొట్టం, దాని అడ్డు పట్టీలు, గేరు లివర్ కేబుల్, పాత రకాల్లో యాక్సిలరేటర్ నుంచి వచ్చే కిక్‌డౌన్ కేబుల్, కొల కడ్డీ గొట్టం, ఊపిరి గొట్టం, ఫోర్ వీల్ లివర్ కడ్డీలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. తీగల కనెక్టర్లు తీసే ముందు ఫోనుతో ఫొటో తీసుకోండి, తీశాక ఒక్కొక్కదానికి పట్టీ కట్టి పేరు రాయండి. ఫొటో ఉంది కదా అని పేరు రాయడం మానితే, రెండు వారాల తర్వాత చూసేసరికి ఫొటోలో మీ బొటనవేలే కనిపిస్తుంది. ఆయిల్ కూలర్ గొట్టాలు విప్పేటప్పుడు గేర్‌బాక్స్ వైపు నట్టును ఒక పానాతో పట్టుకుని రెండో పానాతో తిప్పాలి. లేకపోతే గొట్టమే మెలి తిరుగుతుంది. విప్పిన మూతులన్నీ వెంటనే మూసేయండి. కందిరీగలు గూడు కట్టడానికి రెండు రోజులు చాలు.

చివరగా సెల్ఫ్ మోటారు, కన్వర్టర్ బోల్టులు, ట్రాన్స్‌ఫర్ కేస్. ఆ తర్వాతే గేర్‌బాక్స్ కింద జాకీ, ఇంజన్ కింద ఇంకో జాకీ పెట్టి, గేర్‌బాక్స్‌ను కింద నుంచి మోసే అడ్డ దూలాన్ని, అంటే క్రాస్ మెంబర్‌ను విప్పాలి. ఇంజన్ పాన్‌కు, జాకీకి మధ్య చెక్క దిమ్మె ఉండాలి. కొన్ని బండ్లలో ముందు చక్రాల స్ప్రింగులకు బదులు పొడవాటి టార్షన్ కడ్డీలు ఉంటాయి, వాటి వెనక చివరలు క్రాస్ మెంబర్ దగ్గరే బిగించి ఉంటాయి. మీ బండి అలాంటిదైతే సర్వీసు పుస్తకంలో చెప్పినట్టు ఆ బిగువు సడలించకుండా బోల్టు ముట్టుకోవద్దు. ఆ కడ్డీలో ఉన్న శక్తి చేయి విరగ్గొట్టేంత ఉంటుంది.

టార్క్ కన్వర్టర్ బోల్టులు ఎక్కడున్నాయి? కనిపించడం లేదు.

కన్వర్టర్‌ను ఇంజన్ వెనకున్న పలుచటి ఫ్లెక్స్ ప్లేటుకు బిగించే బోల్టులవి. చాలా బండ్లలో నాలుగో ఆరో ఉంటాయి. సెల్ఫ్ మోటారు తీసిన రంధ్రంలో నుంచో, బెల్ హౌసింగ్ కింద చిన్న మూత తీస్తేనో ఒక్కసారికి ఒక్కటే కనిపిస్తుంది. ఇంజన్ ముందున్న పుల్లీ బోల్టుకు పానా వేసి, బోల్టు బిగుసుకునే వైపే తిప్పుతూ ఒక్కొక్కదాన్నీ రంధ్రం ముందుకు తెచ్చుకోవాలి. మొదటి దానికి పెయింటు చుక్క పెట్టండి, ఎన్ని అయ్యాయో తెలుస్తుంది.

ఈ పనంతటిలో తప్పనిసరిగా గుర్తుంచుకోవాల్సింది ఇదే: కన్వర్టర్ గేర్‌బాక్స్‌తో పాటే రావాలి. బోల్టులన్నీ తీశాక దాన్ని వేళ్లతో వెనక్కి తోసి చూడండి. కొద్దిగా జరిగి, చేత్తో తిప్పితే ప్లేటుతో సంబంధం లేకుండా తిరగాలి. తిరగకపోతే ఒక బోల్టు మిగిలింది, లేదా మధ్య బొడిపె తుప్పుతో ప్లేటుకు పట్టుకుంది. అది వదలకుండా గేర్‌బాక్స్ లాగితే కన్వర్టర్ ఇంజన్‌కే వేలాడుతూ ఉండిపోయి, గేర్‌బాక్స్ ముందు సీలు, పంపు దెబ్బతింటాయి.

సముద్రం గాలికి బోల్టులన్నీ తుప్పు పట్టాయి. ఎలా?

అంతర్వేది వైపు బండ్లను చూస్తే నాకు జాలి వేస్తుంది. తుప్పు వదిలించే ఆయిల్‌ను పని మొదలుపెట్టే ముందు వరుసగా రెండు మూడు సాయంత్రాలు కొట్టి వదిలేయండి. విప్పేటప్పుడు ఒకేసారి విప్పే వైపు లాగకుండా, కాస్త బిగించి, కాస్త వదిలి, అలా ఊపండి. సైలెన్సర్ నట్లను మాత్రం విరిగిపోతాయనే లెక్కతో కొత్తవి ముందే కొని పెట్టుకోండి. గ్యాస్ మంటతో కాల్చడం పని చేస్తుంది కానీ పక్కనే డీజిల్ గొట్టాలు, కారిన ఆయిల్ ఉంటాయి. నేను ఇంటి దగ్గర మంట వాడను.

బెల్ హౌసింగ్ పై బోల్టులు అందడం లేదు.

ఇంజన్ వైపు నుంచి ప్రయత్నించి చేతులు గీసుకోకండి. క్రాస్ మెంబర్ తీశాక గేర్‌బాక్స్ వెనక భాగాన్ని జాకీతో మెల్లగా రెండు మూడు అంగుళాలు దించితే, పైన ఖాళీ ఏర్పడుతుంది. బండి వెనక వైపు నుంచి గేర్‌బాక్స్ మీదుగా పొడుగు కడ్డీ పంపి, కీలు ఉన్న సాకెట్‌తో విప్పాలి. ఒకరు ఆ చివర సాకెట్‌ను బోల్టు మీద చేత్తో కూర్చోబెట్టి పట్టుకుంటే, ఇంకొకరు ఈ చివర రించి తిప్పాలి. దించేటప్పుడు ఒక మనిషి బానెట్ దగ్గర నిలబడి చూడాలి. ఇంజన్ వెనక్కి వాలుతుంటే ఫ్యాను రేడియేటర్ తొడుగుకు తగలవచ్చు, గొట్టాలు లాగబడవచ్చు.

బోల్టుల పొడవులు ఒకేలా ఉండవు. శుభలేఖ అట్ట మీద బెల్ హౌసింగ్ గుండ్రం గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడ రంధ్రం చేసి గుచ్చండి.

అన్నీ విప్పాం. అయినా గేర్‌బాక్స్ కదలడం లేదు.

అన్నీ విప్పలేదు.

ఇది కోపంతో అన్న మాట కాదు, అనుభవంతో అన్నది. మొదటిసారి నేను, మా చిన్నాన్న కొడుకు ఒక పూటంతా ఇక్కడే ఆగిపోయాం. బెల్ హౌసింగ్‌ను ఇంజన్‌కు సరిగ్గా కూర్చోబెట్టే రెండు గుండు పిన్నులు తుప్పుతో పట్టాయని తీర్మానించుకున్నాం. సందులో పెద్ద స్క్రూ డ్రైవర్ దూర్చి సుత్తితో కొట్టాం. ఠప్పుమని శబ్దం వచ్చింది. ఊడిందనుకున్నాం. ఊడింది బెల్ హౌసింగ్ అంచున గోరంత అల్యూమినియం ముక్క.

అప్పుడు మా ఊరి పాత లారీ మేస్త్రి వచ్చారు. ఆయన్ను మేమంతా బాబాయి గారు అంటాం. కిందికి దూరలేదు, సుత్తి అడగలేదు.

"అట్ట ఏదిరా?" అన్నారు.

చూపించాం. బోల్టులు గుచ్చిన అట్టను ఎండకేసి పట్టుకున్నారు. ఒక రంధ్రంలో నుంచి వెలుగు వచ్చింది.

"ఇది ఎక్కడుంది?"

"అక్కడ బోల్టు లేదు బాబాయి గారూ. అద్దం పెట్టి చూశాం."

"లేనిదానికి రంధ్రం ఎందుకు పెట్టావు మరి?"

పైన ఎడమ పక్క, తీగల క్లిప్పు వెనక, చెరువు బురద ఎండి ఎండి అల్యూమినియం రంగులోకే వచ్చేసింది. స్క్రూ డ్రైవర్ మొనతో గీరితే పెచ్చు ఊడి, దాని కింద శుభ్రంగా, కొత్తదానిలా ఆరు పలకల తల కనిపించింది. బోల్టు తీశాక గేర్‌బాక్స్ దానంతటదే వేలెడంత వెనక్కి జరిగింది.

అందుకని మొదలుపెట్టే ముందు రోజు బండి అడుగును నీళ్ల మోటారు పెట్టి కడగండి. అప్పటికీ కదలకపోతే, పిన్నుల దగ్గర రెండు వైపులా సమానంగా, చెక్క అడ్డు పెట్టి కొద్దికొద్దిగా ఊపండి. ఇనుప మొనను అల్యూమినియం సందులోకి కొట్టవద్దు.

దించే సమయంలో జాగ్రత్తలు?

గేర్‌బాక్స్‌ను ఇంజన్‌తో ఒకే వరుసలో ఉంచి సూటిగా వెనక్కి లాగాలి. సందు నాలుగు వేళ్లు కాగానే ఆపి, కన్వర్టర్ గేర్‌బాక్స్ వైపే ఉందో లేదో చూసి, బెల్ హౌసింగ్ అడ్డంగా ఇనుప తీగ కట్టండి. ముందు వైపు కిందికి వాలితే కన్వర్టర్ జారి పడుతుంది. అది కొబ్బరి బోండాం కాదు, ఆయిల్‌తో నిండిన ఇనుప గుండు. ఆ తర్వాతే జాకీ దించడం. ఆ సమయంలో ఎవరూ దాని కింద కాలు గానీ చేయి గానీ పెట్టకూడదు.

దించాక ఇంజన్ వైపు ఏం చూడాలి?

ఇంజన్ వెనక ఆయిల్ సీలు తడిగా ఉంటే ఇప్పుడే మార్చండి. ఫ్లెక్స్ ప్లేటుకు బోల్టు రంధ్రాల చుట్టూ సన్నటి పగుళ్లు, అంచున రింగు పళ్ల అరుగుదల చూడండి. గేర్‌బాక్స్ ముందు సీలు ఎలా ఉన్నా కొత్తది వేయండి. లోపల లోహపు రజను దొరికితే కూలర్ మార్చడం మేలు, కడిగినా ఆ సన్న గొట్టాల్లో ముక్కలు దాక్కుని కొత్త గేర్‌బాక్స్‌లోకే వస్తాయి. ఊపిరి గొట్టాన్ని పొడవు చేసి బానెట్ కింద పైదాకా తెచ్చి కట్టడానికి ఇదే సమయం. మన చోట్ల ఇది చేయని బండి మళ్లీ రోజ్ మిల్క్ తాగుతుంది.

పాత ఆయిల్ ఎక్కడ పోయాలి?

కాలువలో, బోదెలో, చెరువు గట్టున పోయవద్దు. డబ్బాల్లో పట్టి, పాత ఆయిల్ కొనే వాళ్లకు ఇవ్వండి. పక్క చెరువులో రొయ్యలు పెంచే మనిషి ముఖం ఒకసారి తలుచుకోండి చాలు.

లోపలి రిపేరు కూడా ఇంటి దగ్గరే చేయవచ్చా?

నేను చేయను. క్లచ్ ప్యాకుల మధ్య ఖాళీలు కొలవాలి, దుమ్ము లేని చోటు కావాలి, ప్రత్యేకమైన బిగింపు పరికరాలు కావాలి. నాది విజయవాడ ఆటోనగర్‌కు పంపాను. పంపేటప్పుడు కన్వర్టర్ కట్టిన తీగ విప్పకండి, మూతులన్నీ మూయండి, పాన్ మీద బరువు పడకుండా చెక్క చట్రంలో కూర్చోబెట్టండి. కన్వర్టర్‌ను కూడా పంపాలి, మురికి ఆయిల్ సగం అందులోనే ఉంటుంది.

తిరిగి ఎక్కించేటప్పుడు కన్వర్టర్ సరిగ్గా కూర్చుందని ఎలా తెలుస్తుంది?

నేను రెండోసారి దించాల్సి వచ్చింది ఇది తెలియకే. కన్వర్టర్ లోపల మూడు చోట్ల పట్టు దొరకాలి: ఇన్‌పుట్ షాఫ్టు పళ్లు, స్టేటర్ షాఫ్టు పళ్లు, పంపు గాడులు. అందులో లీటరు దాకా కొత్త ఆయిల్ పోసి, గేర్‌బాక్స్ మీద పెట్టి, తోస్తూ తిప్పుతూ ఉంటే ఒక్కొక్క పట్టు దొరికినప్పుడల్లా టక్కుమని లోపలికి దిగుతుంది. నేను రెండు టక్కులకే సంతోషపడ్డాను. బెల్ హౌసింగ్‌కు, ఇంజన్‌కు మధ్య అర అంగుళం సందు మిగిలితే బోల్టులతో బిగించి మూసేశాను. ఆ బిగింపుకు పంపు పళ్ల చక్రం పగిలింది. బండి స్టార్టు చేస్తే కంకర నూరిన శబ్దం వచ్చింది.

బెల్ హౌసింగ్ అంచు మీద స్కేలు అడ్డంగా పెట్టి, అక్కడి నుంచి కన్వర్టర్ బోల్టు దిమ్మ దాకా లోతు కొలవండి. ఆ లోతు ఎంత ఉండాలో సర్వీసు పుస్తకంలో ఉంటుంది. దించేటప్పుడే ఆ కొలత రాసి పెట్టుకుంటే ఇంకా మంచిది. గేర్‌బాక్స్ ఇంజన్‌కు చేత్తోనే పూర్తిగా ఆనుకోవాలి. ఆనుకున్నాక కూడా కన్వర్టర్ చేత్తో తిరగాలి, దానికీ ఫ్లెక్స్ ప్లేటుకూ మధ్య కొద్దిపాటి ఖాళీ ఉండాలి. బోల్టులు వేసినప్పుడు ఆ ఖాళీ మూసుకుంటుంది.

కొత్త ఆయిల్ ఎంత పోయాలి?

పూర్తిగా ఖాళీ అయిన గేర్‌బాక్స్‌కు, కూలర్‌తో కలిపి ఇలాంటి బండ్లలో 8 నుంచి 12 లీటర్లు పడుతుంది. రకం మాత్రం బండి పుస్తకంలో చెప్పినదే, ఎరుపు రంగు ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. ముందు నాలుగైదు లీటర్లు పోసి స్టార్టు చేసి, ఇంజన్ తిరుగుతుండగానే మెల్లగా కలుపుతూ పోవాలి. బ్రేకు తొక్కి పట్టి లివర్‌ను ప్రతి స్థానంలోనూ కొన్ని సెకన్లు ఉంచి తిరిగి పి లోకి తెచ్చి, ఇంజన్ ఆపకుండానే కొల చూడాలి. కొన్ని బండ్లకు ఎన్ (న్యూట్రల్) లో చూడాలి. చక్రాలు అప్పటికింకా స్టాండ్ల మీదే ఉంటే అవి తిరుగుతాయి, కుర్రవాళ్లను, కుక్కలను దూరంగా ఉంచండి. వేడెక్కాక మరోసారి, గట్టు మీద నాలుగు కిలోమీటర్లు తిరిగి వచ్చాక సమతలంగా నిలిపి ఇంకోసారి చూడండి. రాత్రికి బండి కింద తెల్లటి అట్ట పరచి పడుకోండి, పొద్దున్నే దాని మీద ఎర్ర చుక్క ఉందో లేదో కనిపిస్తుంది.